గడీ తలుపుకు ఏ పక్కన? జాంబీ సినిమా తీయబోయే దర్శకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

జాంబీ కథ చంకన పెట్టుకొని నిర్మాతల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న తెలుగు దర్శకులందరికీ హనుమకొండ నుంచి నమస్కారం. నేను మీలో ఎవరికీ తెలియదు. నయీంనగర్‌లో ట్యూషన్లు చెప్పుకునే లెక్కల సారును. ఆదివారం సాయంత్రం అదే గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి, కిరాయి ప్రొజెక్టర్ పెట్టి, పది పదిహేను మందిమి సినిమాలు చూస్తుంటాం. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత అంతే.

మొన్న దసరాకు నా పాత స్టూడెంట్ ఒకడు ఊరికొచ్చాడు. హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్. జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, కూర్చున్న ఐదు నిమిషాలకే కథ మొదలుపెట్టాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో జాంబీలు లేస్తాయి. మిర్చి బస్తాల మధ్య ఉరుకులాట. హీరో కత్తితో బస్తా కోసి కారం గాల్లోకి ఎగజల్లుతాడు, రెండొందల జాంబీలు ఒక్కసారే తుమ్ముతాయి. ఇంటర్వెల్. నవ్వాను. నిజంగానే బాగుంది. నవ్వయ్యాక అడిగాను: "సరే గానీ, ఆ జాంబీలు ఎవర్రా?"

"జాంబీలే సార్."

"అంతకుముందు ఎవరు?"

వాడు కాసేపు ఆలోచించాడు. "జూనియర్ ఆర్టిస్టులు సార్."

ఈ జవాబు వాడొక్కడిది కాదేమో అనిపించింది. అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

దయ్యం మనకు కొత్త కాదు. మన దయ్యానికి పేరుంటుంది, పాత బంగళా ఉంటుంది, సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. ఎవరు చంపారో, ఎందుకు చంపారో తేలిందంటే చల్లబడి వెళ్లిపోతుంది. జాంబీ అంటే చచ్చి లేచొచ్చి మనుషులను కరిచే శవం, దానికి ఇవేవీ లేవు. పేరు లేదు, పగ లేదు, మాట లేదు. ఉన్నదల్లా ఆకలి, పక్కన అట్లాంటివాళ్లే ఇంకో వెయ్యిమంది. మంత్రగాణ్ని పిలిచి వదిలించుకుందామంటే కుదరదు. కలెక్టర్ రావాలి, పోలీసులు రావాలి, టీవీలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి. జాంబీ సినిమాలోకి రాజకీయాలు దూరేది ఆ సందులోంచే. మీరు వద్దనుకున్నా దూరుతాయి.

మా వాడి యార్డు సంగతే చూడండి. మిర్చి సీజన్‌లో తెల్లవారుజామున ఎప్పుడైనా ఎనుమాములకు వెళ్లారా? ఎర్రటి రాశుల మధ్య దుప్పట్లు కప్పుకొని రైతులు పడుకొని ఉంటారు. పైన మంచు, కింద మిర్చి దుమ్ము. వెలుతురు రాగానే ఒక్కో దుప్పటి కదులుతుంది, ఒక్కో మనిషి లేస్తాడు. కళ్లు ఎర్రగా, గొంతు పూడుకుపోయి, కాళ్లు పట్టేసి కుంటుకుంటూ నల్లా దిక్కు పోతాడు. మేకప్ మ్యాన్ అక్కర్లేదు. కాసేపటికి జెండా పాట పాడతారు. ఆ రోజు పలికిన పెద్ద ధర అది, పేపర్లో పడేది అదే. ఒకటి రెండు రాశులకు ఆ ధర ఇచ్చి, మిగతావాళ్లకు తేమ ఉందనీ తాలు ఉందనీ కోసేస్తారు. సరుకు మళ్లీ ఆటో ఎక్కించే దమ్ము ఎవరికీ ఉండదు, ఇచ్చినంత తీసుకుంటారు. ఖమ్మంలో 2017లో ధర పడిపోయి మార్కెట్ ఆఫీసు మీద తిరగబడ్డ మిర్చి రైతులను చేతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు చెప్పండి, ఆ యార్డులో హీరో ఎవరి మీద కారం చల్లుతున్నట్టు?

ఈ జాంబీ పుట్టిన చోటు కూడా మనకు దూరమేమీ కాదు. మ్యాపులో దూరమే, కరీబియన్ సముద్రంలోని హైతీ దేశం. ఫ్రెంచివాళ్ల చెరకు తోటలు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. చస్తే ప్రాణం సముద్రం దాటి సొంత దేశం చేరుతుందని వాళ్ల నమ్మకం. ఉన్నది ఆ ఒక్క ఆశ. దాన్ని కూడా గుంజుకునే భయం పేరు జాంబీ: చచ్చాక లేపి, మళ్లీ అదే తోటలో అదే పనికి పెడితే? మనం 'చచ్చేదాకా చాకిరీ' అంటాం. వాళ్లు భయపడింది చచ్చినా తప్పని చాకిరీకి.

1932లో వచ్చిన 'వైట్ జాంబీ'లో ఒక సీను ఉంది. అప్పటికి హైతీ అమెరికా సైన్యం చేతిలో ఉంది, 1915 నుంచి 1934 దాకా అంతే. నటుడు బేలా లుగోసీ ఇందులో చక్కెర మిల్లు యజమాని. మిల్లులో కూలీలంతా జాంబీలే, గుడ్లు తేలేసి గానుగ తిప్పుతుంటారు. ఒకడు తూలి గానుగలో పడతాడు. మిగతావాళ్లు ఆగరు, తల తిప్పి చూడరు. కిర్రు కిర్రుమని గానుగ తిరుగుతూనే ఉంటుంది. ఇంకో తోట యజమాని వస్తే లుగోసీ గొప్పగా చెప్తాడు: వీళ్లు నమ్మకంగా పనిచేస్తారు, గంటలు ఎక్కువయ్యాయని గొణగరు. (ఆ సినిమాకు ఆ కూలీల మీద ప్రేమేమీ లేదులెండి. దాని దిగులంతా తెల్ల పెళ్లికూతురి గురించే. అయినా ఆ గానుగ చప్పుడు మాత్రం దాచలేకపోయింది.)

మా గదికి జనగామ దిక్కు నుంచి ఒక పెద్దాయన వస్తాడు. ఆ సీను కాగానే, "ఇది వెట్టి కదా సారూ" అన్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా తాతల నోట్లో 'బాంచెన్ నీ కాల్మొక్త' అనే మాట ఊపిరంత మామూలుగా ఉండేది. బాంచెన్ అంటే బానిస. ఆయనది కడవెండి పక్క ఊరు. 1946 జూలై 4న, దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చింది కడవెండిలోనే. నలుపు తెలుపు హాలీవుడ్ సినిమాను ఆయన చదివినంత సూటిగా ఏ విమర్శకుడూ చదవలేదు, నాకు తెలిసినంతలో.

ఆ తర్వాత నెల 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' వేశాం. 1968 సినిమా. పిట్స్‌బర్గ్‌లో యాడ్ ఫిల్ములు తీసుకునే జార్జ్ రొమెరో, స్నేహితులతో కలిసి లక్షా పద్నాలుగు వేల డాలర్లతో తీశాడు. అందులో 'జాంబీ' అన్న మాటే లేదు. చివర్లో పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీద కాపీరైట్ ముక్క వేయడం మరిచిపోయారు, దాంతో సినిమా అందరి సొత్తయింది. మా వంటివాళ్లం దుప్పటి మీద వేసుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ మరుపు వల్లే ఇవాళ ప్రతి జాంబీ సినిమాలోనూ దాని రక్తం ఉంది.

కథ చిన్నది. పొలాల మధ్య ఒక ఇల్లు, బయట శవాల గుంపు, లోపల ఏడుగురు. లోపలివాళ్లు బయటివాటితో కన్నా తమలో తాము ఎక్కువ కొట్లాడతారు: నేలమాళిగలోకి పోదామా, పైనే ఉందామా, మాట ఎవరిది నెగ్గాలి. అందరిలో తెలివిగలవాడు బెన్, నల్లజాతి మనిషి. ఆ పాత్ర వేసిన డ్యుయేన్ జోన్స్‌ను రాజకీయం కోసం తీసుకోలేదనీ, ఆడిషన్‌లో అందరికన్నా బాగా చేశాడనీ రొమెరో చెప్పేవాడు. రాత్రంతా పోరాడి బెన్ ఒక్కడే మిగులుతాడు. తెల్లారాక తుపాకులు పట్టుకొని షెరీఫ్ మనుషులు వస్తారు. కిటికీలోంచి తొంగిచూసిన బెన్‌ను జాంబీ అనుకొని, నుదుటి మీద కాలుస్తారు. 'ఇంకోటి' అని లెక్క వేసుకుంటారు. సినిమా ప్రింటు కారులో పెట్టుకొని న్యూయార్క్ పోతుంటే రేడియోలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారన్న వార్త విన్నామని రొమెరో చెప్పుకున్నాడు.

అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. పేర్లు పడుతుంటాయి, వెనక బొమ్మ కదలదు, వరసగా ఫోటోలు. గరుకు గరుకు పేపర్ ఫోటోల్లా. కొక్కేలు పట్టుకున్న మనుషులు, వాళ్ల కాళ్ల దగ్గర బెన్ శవం, కట్టెల కుప్ప. సినిమా అయిపోయిందనుకొని ఒక పిల్లగాడు లైటు స్విచ్ దగ్గరికి పోయాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండు బిడ్డా, లైటెయ్యకు." మంట అంటుకునేదాకా చూశాడు. మెట్లు దిగేటప్పుడు నాతో మెల్లగా అన్నాడు: "గిసొంటి ఫోటోలు మనం పేపర్ల శానా చూసినం." ఎదురుకాల్పుల వార్తలు చదువుతూ పెరిగిన జిల్లా ఇది. చెట్ల మధ్య వరసగా పడుకోబెట్టిన మనుషులు, పక్కన తుపాకీ, చుట్టూ నిలబడ్డ బూట్లు. నేనింకేమీ అడగలేదు.

రొమెరో తర్వాత తీసిన వాటిలో 'డాన్ ఆఫ్ ది డెడ్' (1978) గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను తొందరగా దాటేస్తాను. మూసి ఉన్న షాపింగ్ మాల్, దాని చుట్టూ మూగే శవాలు. ఇక్కడికే ఎందుకొస్తున్నాయంటే, బతికున్నప్పుడు వాటికి ఇది ముఖ్యమైన చోటు, ఆ అలవాటు పోలేదు. ఆ మాట విన్నప్పుడు అందరికీ మాల్ గుర్తొస్తుంది. నాకు వరంగల్‌లోని ఆజంజాహీ బట్టల మిల్లు గేటు గుర్తొస్తుంది. మిల్లు మూతపడ్డాక కూడా షిఫ్టు టైముకు అటు నడిచొచ్చి, కాసేపు నిలబడి, బీడీ కాల్చి తిరిగిపోయిన ముసలివాళ్లను చూశాను.

ఆయనదే 'ల్యాండ్ ఆఫ్ ది డెడ్' (2005) మీద ఎక్కువసేపు ఆగాలని ఉంది, ఎందుకంటే అక్కడ రొమెరో కెమెరాను లోపలి నుంచి బయటికి తెస్తాడు. పెద్దోళ్లంతా ఒక అద్దాల టవర్‌లో ఉంటారు, పేదోళ్లు దాని చుట్టూ వాడల్లో, కంచె అవతల శవాలు. సరుకుల కోసం బయటికి పోయే దండు ఆకాశంలోకి తారాజువ్వలు వదులుతుంది. శవాలన్నీ తలలెత్తి నోళ్లు తెరుచుకొని చూస్తుంటే కింద దుకాణాలు దోచుకుంటారు. రాజకీయ సభల్లో బాణసంచా చూసిన ప్రతిసారీ నాకదే గుర్తుకొస్తుంది. కానీ బిగ్ డాడీ అనే ఒక శవం ఉంటాడు. పెట్రోల్ బంకులో పనిచేసిన మనిషి, ఒంటి మీద ఇంకా ఆ డ్రెస్సే. ఒకరోజు ఆయన తారాజువ్వల దిక్కు చూడడం మానేస్తాడు. పక్కవాళ్ల తలలు పట్టుకొని కిందికి దించుతాడు. అక్కణ్నుంచి నడక టవర్ దిక్కే.

నేను మిమ్మల్ని అడగదలచుకున్నది ఇదే. జాంబీ సినిమా అంటే మూసిన ఇల్లు, బయట గుంపు. మా భాషలో చెప్తే గడీ, కోటలాంటి దొర ఇల్లు. మీ కెమెరా గడీ తలుపుకు ఏ పక్కన ఉంది? 'డాన్ ఆఫ్ ది డెడ్' వచ్చిన 1978లోనే జగిత్యాలకు ఊరూరి నుంచి కూలీలు, రైతులు నడిచొచ్చారు. జైత్రయాత్ర అంటాం. దొర గడీ పై అంతస్తు కిటికీలోంచి చూస్తే ఆ జనం ఎట్లా కనిపించి ఉంటారు? పేరు లేని, ఆకలి ఉన్న, ఆగని గుంపులా. అచ్చం జాంబీల్లా. 'వరల్డ్ వార్ జెడ్' (2013)లో జెరూసలేం గోడ మీదికి శవాలు చీమల పుట్టలా ఎగబాకుతుంటే హెలికాప్టర్‌లోంచి కాలుస్తారు. హాల్లో చప్పట్లు. నాకు ఒళ్లు జలదరించింది, శవాలను చూసి కాదు. గోడ అవతలివాళ్లను చంపితే పాపం లేదని మూడు గంటల్లో ఒప్పించగల సాధనం మీ చేతిలో ఉంది. మనకు నచ్చనివాళ్లను 'గొర్రెలు' అని తిట్టే అలవాటు ఎట్లాగూ ఉంది. దానికి తుపాకీ ఇవ్వకండి.

వ్యంగ్యం కావాలంటే తలుపుకు ఇవతలే బోలెడు దొరుకుతుంది. 2011లో క్యూబాలో 'హువాన్ ఆఫ్ ది డెడ్' తీశారు. హవానా వీధుల్లో శవాలు మనుషులను పీక్కుతింటుంటే, ప్రభుత్వ టీవీ వాళ్లను అమెరికా డబ్బులిచ్చిన అసమ్మతివాదులు అంటుంది. పనీపాటా లేని హువాన్ దాన్నే వ్యాపారం చేసుకుంటాడు: మీ ఇంటివాళ్లు జాంబీలైతే మేమొచ్చి చంపిపెడతాం, ఇంత ఇవ్వండి. ఇక మన దగ్గరైతే? మొదటిరోజు ప్రతిపక్షాల కుట్ర అంటారు. రెండోరోజు డిబేట్‌లో నలుగురు అరుస్తుంటే ఐదో కిటికీలో ఒక జాంబీ ఉంటుంది, దానికి మాత్రం మాట్లాడే ఛాన్స్ రాదు. మూడోరోజు ఎమ్మెల్యే గారు రెండొందల జాంబీలకు కండువాలు కప్పి పార్టీలోకి ఆహ్వానిస్తారు. కరవనంత కాలం సొంత గూటికి చేరినట్టు, కరిస్తే కోవర్టు. కథ మీరే రాసుకోండి, నేను పైసలడగను.

జో డాంటే 2005లో టీవీకి తీసిన 'హోమ్‌కమింగ్'లో ఇరాక్‌లో చచ్చిన సైనికులు లేచొస్తారు. ఎవర్నీ కొరకడానికి కాదు, ఓటేయడానికి. మొదట 'మన వీరులు' అని ఎదురెళ్లి పొగుడుతారు. ఓటు తమకు కాదని తెలిశాక మాట మారుతుంది. ఓటేసిన సైనికుడు వేసిన చోటే కూలిపోతాడు, ఇక అతనికి లేచి ఉండే పని లేదు. మా గదిలో అది చూసి ఒకతను, "వాళ్లు లేచొచ్చి వేసిన్రు సార్, మన దగ్గర లేవకుండనే పడ్తయ్" అన్నాడు. పదినిమిషాలు నవ్వులే.

మనవాళ్లు ప్రయత్నించలేదని కాదు. 'జాంబీ రెడ్డి' (2021) ఫ్యాక్షన్ సీమలోకి జాంబీలను దింపింది. వేటకొడవలి సినిమాల మీద అంతకన్నా మంచి హాస్యం ఏముంటుంది? ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే బాగుండేది. 'బేతాళ్' (2020) అనే హిందీ సిరీస్‌లో అడవిలో సొరంగం తవ్వి రోడ్డు వేయాలి, అడ్డం వచ్చిన ఆదివాసులను నక్సలైట్లంటారు, సొరంగం తెరిస్తే ఈస్టిండియా కంపెనీ కాలం నాటి తెల్ల దండు లేచొస్తుంది. సిరీస్‌గా అంత గొప్పదేమీ కాదు. ఆలోచన మాత్రం ములుగు అడవిలో నిలబడి చేసినట్టుంటుంది.

చివరగా మా చిన్నమ్మ సంగతి చెప్పి ఆపుతాను. ఊరు కోరుట్ల దగ్గర. యాభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒక నెల పింఛను రాలేదు, రెండో నెలా రాలేదు. నేను తీసుకెళ్తే ఆఫీసులో పిల్లగాడు కంప్యూటర్ చూసి, మంచిగానే, కొంచెం సిగ్గుపడుతూనే చెప్పాడు: "సిస్టంల సచ్చిపోయినట్టు చూపిస్తుంది." చిన్నమ్మ నా దిక్కు తిరిగింది. "నేను సచ్చిపోయిననా బిడ్డా? మరి ఈడ నిలవడ్డది ఎవరు?" వేలిముద్ర పెట్టమన్నారు. తునికాకు మడిచి మడిచి వేళ్ల గీతలు అరిగిపోయాయి, మిషన్ ఎర్ర లైటే చూపిస్తుంది. కొంగుకు తుడుచుకొని పెట్టింది, తడి చేసుకొని పెట్టింది, ఎడమ చెయ్యి పెట్టింది. ఊహూఁ. బతికే ఉన్నట్టు కాగితం తెమ్మన్నారు. దాని మీద సంతకానికి మూడుసార్లు తిరిగాం. లైన్లో ఆమెలాంటివాళ్లు ఇంకో నలుగురు, సిస్టంలో చచ్చి, చేతిలో సంచీలు పట్టుకొని. ఉత్తరప్రదేశ్‌లో లాల్ బిహారీ అనే రైతును భూమి కోసం బంధువులు రికార్డుల్లో చంపేస్తే, పేరు చివర 'మృతక్' అని తగిలించుకొని, మృతుల సంఘం పెట్టి కొట్లాడి, 1994లో మళ్లీ బతికాడు. మా చిన్నమ్మకు ఐదు నెలలు పట్టింది. చచ్చి ఉన్న నెలల పింఛను మాత్రం రాలేదు.

మీరు వెతుకుతున్న జాంబీలు ఆ లైన్లో ఉన్నారు. వాళ్లు ఎవర్నీ కరవరు. ప్రశ్న అడుగుతారు. మన చందమామ భేతాళుడూ అంతే కదా, రాజు భుజమ్మీద శవమై కూర్చొని ప్రశ్నలడుగుతాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల వేయి వక్కలవుతుంది. ఊళ్ల మీద పడి కొరికే శవాన్ని పరదేశం నుంచి తెచ్చుకున్నాం గానీ, రాజును నిలదీసే శవం మన ఇంట్లోనే ఉంది. చిన్నమ్మ అడిగిన ప్రశ్నకు ఆ ఆఫీసులో ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

మా వాడు కథ తిరగరాస్తున్నాడట. ఈసారి యార్డులో పడుకోవడానికి ఫిబ్రవరిలో వస్తానన్నాడు. మీలో ఎవరైనా వచ్చినా సరే. ఆదివారం ఏడు గంటలకు షో, చాయ్ మాది, ప్రొజెక్టర్ కిరాయిలో తలా యాభై. రొమెరో సినిమానే మళ్లీ వేస్తాం. చివర ఫోటోలు అయ్యేదాకా మాత్రం లైటెయ్యం.

ఇట్లు,
ఒక లెక్కల సారు
హనుమకొండ